కువైట్ నుంచి తెచ్చిన ఐపీటీవీ బాక్స్: ఇంట్లో చూడొచ్చా, హోటల్లో పెట్టొచ్చా?

సెవెన్‌రోడ్స్, కడప

అన్నలారా, మా తమ్ముడు కువైట్ నుంచి ఒక ఐపీటీవీ బాక్స్, అంటే ఇంటర్నెట్ మీద టీవీ చానళ్లు చూపే ఆండ్రాయిడ్ డబ్బా, తెచ్చినాడు. అందులో ఒక యాప్, దానికి సర్వర్ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఏడాదికి ఒకసారి డబ్బు కడితే వేల చానళ్లు వస్తాయంట. ఇంగ్లండ్ ఫుట్‌బాల్, అరబ్ స్పోర్ట్స్, అమెరికా సినిమా చానళ్లు, మన తెలుగు పే చానళ్లు కూడా ఉన్నాయి. మూడు సంగతులు తెలియాల. ఇంట్లో చూస్తే కేసు అవుతుందా? టిఫిన్ హోటల్ ఉన్న స్నేహితుడు మ్యాచ్‌ల కోసం ఇదే బాక్స్ అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా? ఇది వద్దంటే, ఇంగ్లండ్ సర్వీసుకే నేరుగా డబ్బు కట్టి, మనం ఆ దేశంలోనే ఉన్నట్టు చూపే వీపీఎన్‌తో చూడొచ్చా?

బురుజుకాడ, కర్నూలు

మీ ప్రశ్నలో రెండు వేరే సరుకులు కలిసిపోయినాయి. ఒకటి దొంగ ఫీడ్: అనుమతి లేకుండా చానల్‌ను పట్టి, సర్వర్ మీద పెట్టి అమ్మేది. రెండోది అసలైన విదేశీ సర్వీసు: తన దేశంలో సక్రమమే, మన దేశంలో చూపే హక్కు మాత్రం దానికి ఉండదు. తమ్ముడు తెచ్చింది మొదటి రకం. డబ్బు కట్టినాం కదా అనే మాట దీనికి చెల్లదు, ఆ డబ్బు చానల్‌కు చేరడం లేదు.

హక్కులు దేశం లెక్కన అమ్ముతారు. 2024-25 సీజన్ ప్రీమియర్ లీగ్‌నే చూడండి. ఇంగ్లండ్‌లో స్కై, టీఎన్‌టీ, గల్ఫ్‌లో బీఇన్, ఇండియాలో స్టార్. ఒకే లీగ్, మూడు చోట్లా వేరువేరుగా కొనుక్కున్నారు. సిగ్నల్‌కు సరిహద్దు అడ్డం కాదు, లైసెన్సుకు అడ్డం.

మన చట్టం 1957 కాపీరైట్ చట్టం. సెక్షన్ 37 కింద ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఉంది. అనుమతి లేకుండా మళ్లీ ప్రసారం చేసినా, డబ్బు తీసుకుని జనానికి చూపినా ఉల్లంఘనే. తెలిసి ఉల్లంఘిస్తే, తెలిసి సాయం చేస్తే సెక్షన్ 63: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమని, బెయిల్ హక్కుగా దొరకదని 2022 మేలో సుప్రీంకోర్టు నిట్‌ప్రో కేసులో తేల్చింది. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే వెసులుబాటు కోర్టుకు ఉంది.

ఇక ఇంట్లో చూడటం. బ్లాక్ చేసిన సైట్లలో "చూసినా నేరమే" అన్న అర్థంలో హెచ్చరిక పెట్టినప్పుడు, 2016 ఆగస్టులో బాంబే హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ దాన్ని మార్చమన్నారు. ఉత్తినే చూడటం నేరం కాదు, పంచడం, జనానికి ప్రదర్శించడం, అమ్మకానికో అద్దెకో ఇవ్వడం నేరం అన్నారు. అంటే మీ హాల్లో కూర్చుని చూసిన మీ మీదికి కేసు వచ్చేది అరుదు. కానీ ఆ లాగిన్‌ను పక్కింటికి ఇచ్చి డబ్బు తీసుకున్న రోజు మీరు చూసేవాళ్లు కాదు, అమ్మేవాళ్లు.

యూరప్‌లో ఇంత వెసులుబాటు కూడా లేదు. దొంగ స్ట్రీమ్‌ల లింకులు ముందే ఎక్కించిన మీడియా ప్లేయర్ అమ్మడం ఉల్లంఘనేనని 2017 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఫిల్మ్‌స్పెలర్ కేసులో చెప్పింది. స్ట్రీమ్ చూసేటప్పుడు పరికరంలో క్షణకాలం పడే కాపీకి చట్టంలో ఉండే మినహాయింపు, దాంతో చూసే వాడికి కూడా వర్తించదంది. అక్కడ ఉండే మనవాళ్లు ఇక్కడి తీర్పు పట్టుకుని ధీమాగా ఉండకూడదు.

టవర్‌క్లాక్, అనంతపురం

చట్టం సంగతి బురుజుకాడ అన్న చెప్పినాడు. నాకు దానికంటే ఎక్కువ భయం ఆ డబ్బా లోపలి సరుకు మీద.

పేరులేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఫ్యాక్టరీలోనే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఎక్కి వచ్చేవి ఉన్నాయి. టీ95 అనే మోడల్‌లో 2023 జనవరిలో బయటపడింది. తర్వాత బ్యాడ్‌బాక్స్ అని పేరు పెట్టినారు, 2024 డిసెంబరులో జర్మనీ ప్రభుత్వ సైబర్ సంస్థ 30 వేల పరికరాలకు మోసగాళ్ల సర్వర్లతో సంబంధం తెంచింది, 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఇది చేసే పని ఏమంటే, మీ నెట్ కనెక్షన్‌ను అద్దెకిచ్చేస్తుంది. ఎక్కడో ఒకడు మోసం చేస్తాడు, ఐపీ అడ్రస్ మాత్రం మీ ఇంటిది. విచారణ మొదలైతే పోలీసులకు ముందు దొరికేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే.

చూసుకునే తీరు: ప్లే స్టోర్ తెరిచి, సెట్టింగ్స్‌లో అబౌట్‌కు పోయి ప్లే ప్రొటెక్ట్ (గూగుల్ భద్రతా తనిఖీ) సర్టిఫికేషన్ చూడండి. సర్టిఫైడ్ అని లేకపోయినా, అసలు ప్లే స్టోరే లేకపోయినా ఆ బాక్స్ మీ వైఫైలో ఉండకూడదు. ప్లే ప్రొటెక్ట్ ఆపేయమని యాప్ అడిగితే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుందని అనుకుంటారు. పోదు, అది ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరం లోపలే రాసి ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. బాక్స్ ప్లగ్ పీకి, వైఫై పాస్‌వర్డ్, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. ఆ బాక్స్‌లో గూగుల్ ఖాతా పెట్టి ఉంటే దాని పాస్‌వర్డ్ కూడా.

మీరు కొనే అసలు యాప్‌లకూ ఇలాంటి డబ్బా పనికిరాదు. వీడియో కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే ఏర్పాటులో పై స్థాయి ఎల్1 ఉండదు, కింది స్థాయి ఎల్3 మాత్రమే. నెట్‌ఫ్లిక్స్ లాంటివి మొదలైనా 480పీ దాటవు, మీ టీవీ 4కే అయినా సరే.

ఏడాది డబ్బు ఒకేసారి అడగడం కూడా గుర్తుపట్టాల్సిన సంగతే. 2019 సెప్టెంబరులో ఇటలీ పోలీసులు దొంగ ఐపీటీవీ సర్వీసులు నడపడానికి వాడే ఎక్స్‌ట్రీమ్ కోడ్స్ అనే సాఫ్ట్‌వేర్ ప్యానెల్‌ను మూసినప్పుడు, దాని మీద ఆధారపడిన సర్వీసులు ఒక్కసారిగా పడిపోయినాయి. మన దగ్గర ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో డైనమిక్ ఇంజంక్షన్ మొదలుపెట్టింది. దొంగ సైటు పేరు మార్చుకుని వస్తే ప్రతిసారీ కొత్త దావా వేయక్కర లేదు, పాత ఉత్తర్వులోకే చేరుస్తారు. రసీదు లేని ఫోన్ నంబరుకు యూపీఐ కొట్టి ఉంటే ఆ డబ్బు ఎవర్ని అడుగుతారు?

పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు

హోటల్ సంగతి నేను చెప్తాను. మీ స్నేహితునికి ఈ బాక్స్ ఇవ్వొద్దండి, దయచేసి. టికెట్ పెట్టడం లేదు కదా, దోసె డబ్బే తీసుకుంటున్నాం కదా అనే వాదన ఆయన్ని కాపాడదు. లాభం కోసం నడిపే చోటును ఉల్లంఘన ప్రదర్శనకు వాడనిస్తే, తెలియదు అని నమ్మించలేకపోతే, సెక్షన్ 51 ప్రకారం అదే ఉల్లంఘన. ఎస్సై, ఆపై అధికారి వారెంటు లేకుండా సరుకు పట్టుకుపోవచ్చని సెక్షన్ 64 చెప్తుంది.

ఇంటి డీటీహెచ్ కార్డు తెచ్చి హోటల్లో పెట్టడం, ఫోన్‌లోని ఓటీటీని టీవీకి వేయడం కూడా కుదరదు. కస్టమర్ల కోసం చానల్ పెట్టేవాడికి ఇంటి కనెక్షన్ సరిపోదు. కేబుల్ ఆపరేటర్నో డీటీహెచ్ డీలర్నో కమర్షియల్ కనెక్షన్ అడగాల, బిల్లు హోటల్ పేరు మీదే తీసుకోవాల.

ఈ ఫీడ్‌ను కేబుల్‌లో కలిపి వీధికంతా ఇస్తానని ఎవరైనా ఆపరేటర్ అంటే అది ఇంకా పెద్ద తప్పు. ఇండియాలో చూడటానికి కేంద్రం రిజిస్టర్ చేయని చానల్‌ను కేబుల్‌లో వేయకూడదని 1994 కేబుల్ రూల్స్‌లో 6(6) నేరుగా చెప్తుంది.

ఇంగ్లండ్‌లో పబ్ నడిపిన కారెన్ మర్ఫీ గ్రీసు డీకోడర్ కార్డుతో మ్యాచ్‌లు చూపి గెలిచింది కదా అని వాదిస్తారు. 2011 అక్టోబరు తీర్పు అది. కార్డు కొనడం తప్పు కాదన్నది యూరోపియన్ యూనియన్ ఒకే మార్కెట్ అన్న కారణంతో. ప్రసారంలో వచ్చే లీగ్ లోగోలు, పాట లాంటివి పబ్‌లో చూపడానికి అనుమతి కావాలని అదే తీర్పు చెప్పింది. మనకు అలాంటి ఉమ్మడి మార్కెట్ లేదు.

సెవెన్‌రోడ్స్, కడప

బాక్స్ ప్లగ్ పీకేసినాను. స్నేహితునికి కూడా చెప్పినాను. మూడో ప్రశ్న మిగిలింది, ఇంకా మన ఓటీటీ ఖాతా తమ్ముడు కువైట్‌లో వాడుకోవచ్చా?

బురుజుకాడ, కర్నూలు

వీపీఎన్ వాడటమే నేరం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇక్కడ వీపీఎన్ సేవ ఇచ్చే కంపెనీలు కస్టమర్ వివరాలు ఐదేళ్లు దాచాల, అందుకే కొన్ని కంపెనీలు ఇండియా సర్వర్లు తీసేసినాయి. సాంకేతిక అడ్డును దాటడం గురించి సెక్షన్ 65ఏ ఉంది, కానీ అది హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశాన్ని అడుగుతుంది. మీకు తగిలే దెబ్బ ఎక్కువగా ఒప్పందం వైపు నుంచి. నిబంధనలు మీరినారని ఖాతా మూస్తారు, డబ్బు తిరిగి రాదు.

దానికంటే ముందు ఇది చూడండి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు లైవ్ ఫుట్‌బాల్ వేయరు. అక్కడి 3 గంటల మ్యాచ్, మనకు ఎండాకాలంలో రాత్రి 7:30, చలికాలంలో 8:30, ఇండియాలో హక్కులున్న వాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఎక్కువ డబ్బు కట్టి తక్కువ మ్యాచ్‌లు చూసినట్టవుతుంది.

పేమెంటూ సులువు కాదు. చాలా సర్వీసులు ఆ దేశపు కార్డే అడుగుతాయి. మన కార్డు తీసుకున్నా, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ స్విచ్ ఆన్ చేయాల. ఆర్‌బీఐ ఆటోపే నియమాలకు లోబడని విదేశీ కంపెనీ అయితే రెండో నెల కోత ఫెయిల్ అవుతుంది.

తమ్ముని సంగతి: నెట్‌ఫ్లిక్స్ కువైట్‌లో అదే ఖాతాతో తెరుచుకుంటుంది, కానీ అక్కడి కేటలాగ్ వస్తుంది. మన ఊర్లో కనిపించిన తెలుగు సినిమా అక్కడ లేకపోవచ్చు. ప్రైమ్‌లో ప్రయాణంలో ఉన్నవాళ్లకు తక్కువ టైటిళ్లు మాత్రమే ఇస్తారు. ఖాతాను సొంత దేశంలోలాగే వెంట తీసుకుపోయే హక్కు 2018 ఏప్రిల్ 1 నుంచి యూరోపియన్ యూనియన్ నివాసులకు, ఆ యూనియన్ లోపల తిరిగేటప్పుడు, డబ్బు కట్టిన సర్వీసులకు మాత్రమే ఉంది. గల్ఫ్‌కు అలాంటిది లేదు. తమ్ముడు కువైట్‌లో హక్కులున్న సర్వీసునే అక్కడి కార్డుతో తీసుకుంటే తెలుగు చానళ్లకు ఈ తలనొప్పి ఉండదు. కట్టే ముందు ఆ సర్వీసు పేజీలో దేశాల జాబితా తెరిచి, కువైట్ పేరుతో పాటు తనకు కావలసిన చానళ్ల పేర్లు కూడా ఉన్నాయేమో చూసుకోమనండి.