బేలో ఎదురుచూపు: ట్యాకోలో మంచం నొక్కాలా, సుత్తులు ఉంచాలా?

లెస్టర్ లారీవాడు:
అందరికీ నమస్తే. యూకేలో పెద్ద బండ్లు తోలేవాళ్ళు, యూరప్ రూట్లలో తిరిగేవాళ్ళు కాస్త ఇది తేల్చండి. నిన్న పొద్దున 5కి ట్యాకోలో, అంటే తోలిన టైం, ఆగిన టైం రాసుకునే డబ్బాలో, నా డ్రైవర్ కార్డు పెట్టాను. 3 గంటల 50 నిమిషాలు తోలి, 9:20కి ఒక గోడౌన్‌లో బండిని బేకి, అంటే సరుకు దింపే గట్టుకి, ఆనించాను. బయటపడింది 12:10కి. అందులో ఓ 40 నిమిషాలు నేనే పంప్ ట్రక్కు పట్టుకుని ప్యాలెట్లు లాగాను, మిగతాదంతా క్యాబ్‌లో కూర్చుని ఎర్ర లైటు ఎప్పుడు పచ్చబడుతుందా అని చూడటమే. బండి ఆగగానే ట్యాకో తనంతట తనే సుత్తుల గుర్తుకి, అంటే 'వేరే పని'కి మారిపోతుంది కదా, నేను దాన్ని మంచం గుర్తుకి, అంటే రెస్ట్‌కి మార్చలేదు. తీరా బయటికొచ్చాక, 45 నిమిషాల బ్రేక్ లేకుండా తోలగలిగే నాలుగున్నర గంటల లెక్కలో మిగిలింది 40 నిమిషాలే. అవి అవగానే రోడ్డు పక్క లే-బైలో ఆపి 45 నిమిషాలు కూర్చున్నాను. ఇంతలో ఆఫీసు ఫోను: "మూడు గంటలు ఖాళీగా ఉండి మంచం నొక్కకపోతే ఎలా? ఇకమీదట బేలో ఉన్నంతసేపూ మంచమే." ప్యాలెట్లు లాగుతూ రెస్ట్ అని చూపిస్తే అది దొంగ లెక్క కాదా?

డిపో డెస్క్:
నేను ఆ ఫోను చేసే వైపు మనిషిని, ప్లానింగ్‌లో పని. ముందే చెప్తున్నాను, ప్యాలెట్లు లాగిన 40 నిమిషాలు సుత్తులే, మంచం నొక్కమన్నవాడిది తప్పు. మరి మిగతా 2 గంటల 10 నిమిషాల మాటేంటి బ్రదర్? ఆ టైంలో నువ్వు తోలలేదు, వేరే పనీ లేదు, టీ తాగొచ్చు, కునుకు తీయొచ్చు. అది బ్రేకే. ఇంకోటి నువ్వు గమనించలేదు. 5 నుంచి 12:10 దాకా డ్రైవింగ్, సుత్తులు కలిపి 7 గంటల 10 నిమిషాలు ఏకధాటిగా పని చూపించావు. బ్రేక్ లేకుండా 6 గంటలకు మించి పని చేయకూడదని వర్కింగ్ టైం రూల్. నిజాయితీగా ఉన్నాననుకుని నీ కార్డు మీద నువ్వే తప్పు ఎక్కించుకున్నావు.

బాల్టిక్ బాబాయ్:
డెస్క్ గారూ, కుర్చీలో కూర్చుని "అది బ్రేకే" అనడం తేలిక. నాది లిథువేనియా కంపెనీ బండి, జర్మనీ, ఫ్రాన్స్ తిరుగుతాను. ఒకసారి 45ని విడగొట్టి ముందు 15 తీసుకున్నాను, ఇక రెండో ముక్క 30 ఉండాలి. ముందు 30, తర్వాత 15 అంటే చెల్లదు, అదో తిక్క రూలు. సరే, బేలో మంచం నొక్కి పడుకున్నాను. 27వ నిమిషంలో గోడౌన్ వాడు తలుపు మీద దబదబా బాదాడు, 7వ బే నుంచి 9వ బేకి జరపమని. ఎంత, రెండు బండ్ల వెడల్పు. ట్యాకోలో స్టీరింగ్ గుర్తు, అంటే డ్రైవింగ్ పడింది, 27 నిమిషాలూ గంగలో కలిశాయి. ఎవడు ఎప్పుడు తలుపు కొడతాడో తెలియకుండా, చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని రెస్ట్ అంటారా?

లెస్టర్ లారీవాడు:
6 గంటల సంగతి నిజంగా తట్టలేదు డెస్క్ గారూ, నాలుగున్నర గంటలే చూసుకుంటూ పోయాను. కానీ బాబాయ్ చెప్పిందే నా బాధ కూడా. లైటు చూస్తూ కూర్చుంటే నా టైం నాదెలా అవుతుంది?

ఆటోనగర్ పాత క్లీనర్:
బెజవాడ నుంచి. మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది, కొంచెం కుళ్ళు కూడా. మన దగ్గర రోజుకు 8 గంటలు, వారానికి 48, 5 గంటల తర్వాత అరగంట విశ్రాంతి అని 1961లోనే చట్టం రాశారు. కొలిచే డబ్బా మాత్రం బండిలో పెట్టలేదు. మా ఓనరు డైరీలో డీజిలు, టోలు, మామూళ్ళ లెక్క ఉండేది, నిద్ర లెక్క ఎక్కడా ఉండేది కాదు. లోడింగ్ పాయింటులో రెండు రోజులు బండి కిందే చాప వేసుకున్న రోజులున్నాయి, అవి పనో రెస్టో ఎవడూ అడగలేదు. ఒక్కటి అడుగుతాను, మీ మిషన్ను మోసం చేయలేమంటారే, అది తోలినంతసేపేగా? ఆగాక మీ వేలు ఏది నొక్కితే అదే రికార్డు. అంటే సగం మళ్ళీ డైరీయే కదరా అబ్బాయిలూ.

డిపో డెస్క్:
సగం నిజమే క్లీనర్ గారూ. అందుకే కొన్ని పెద్ద డిపోల్లో గేటు దగ్గరే తాళాలు తీసుకుని డ్రైవర్‌ను వెయిటింగ్ రూములో కూర్చోబెడతారు. అప్పుడు బండి కదిలే ప్రశ్నే లేదు, శుభ్రంగా మంచం నొక్కొచ్చు. ఆ కూర్చోవడం తెగకుండా 3 గంటలు దాటిందంటే రాత్రి 9తో కలిపి విడగొట్టిన రోజువారీ రెస్ట్ అవుతుంది, రెండు వారపు సెలవుల మధ్య దొరికే మూడు తగ్గింపు రెస్టుల్లో (11కి బదులు 9 గంటలే తీసేవి) ఒకటి మిగులుతుంది. మూడో దారీ ఉంది, డబ్బాలో అడ్డగీత గుర్తు, పీఓఏ, అంటే పిలిస్తే పనికి సిద్ధంగా ఉంటూ ఎదురుచూసే టైం. ఎంతసేపు ఆగాలో ముందే తెలిస్తే అది వాడొచ్చు, వారం సగటు 48 గంటల పని లెక్కలోకి రాదు. కానీ ఒంటరి డ్రైవర్‌కి అది 45 నిమిషాల బ్రేక్‌గా పనికిరాదు, చాలామంది అక్కడే బోల్తా పడతారు.

రాత్రి రూటు:
మీరంతా గుర్తుల గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు సంగతి వేరు. ఏ గుర్తు నొక్కినా రోజు ఆగదు. కార్డు పెట్టిన దగ్గర్నుంచి 24 గంటల్లో 11 గంటలు, తగ్గిస్తే 9 గంటలు రెస్ట్ పూర్తవ్వాలి, అంటే లేచి ఉండటానికి 15 గంటల దాకా సందు ఉంది. నాలుగు గంటలు బేలో మంచం నొక్కి, ఆ తర్వాత 9 గంటలు తోలి, మధ్యలో బ్రేకులు వేసుకుంటే కాగితం మీద అంతా పచ్చగానే ఉంటుంది. నేను అలాంటి రోజు చివర్లో, రాత్రి 2 దాటాక, ముందున్న బండి బ్రేకు లైట్లు రెండు కాస్తా నాలుగై కనపడ్డాయి. ఆఫీసులకు ఆ మంచం ఎందుకిష్టమో తెలుసా, బేలో కాలం పోయినా సాయంత్రానికి డ్రైవర్ లెక్కలో ఇంకా గంటలు మిగిలి కనిపిస్తాయి.

బాల్టిక్ బాబాయ్:
అదీ మాట. మా దగ్గర ఒకప్పుడు కిలోమీటరు బోనస్ ఉండేది, రోడ్డు భద్రతను దెబ్బతీసేలా దూరాన్ని బట్టి డబ్బు ఇవ్వకూడదని యూరప్ చట్టంలో రాసి ఉన్నా సరే. బోనస్ ఉంటే వేలు తనంతట తనే మంచం మీదకి పోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఇప్పుడు కాలం మారింది. రోడ్డు మీద ఆపి ఇంతకుముందు 28 రోజుల రికార్డు అడిగేవాళ్ళు, 2024 డిసెంబరు 31 నుంచి 56 రోజులు. కొత్త స్మార్ట్ ట్యాకో సరిహద్దు దాటితే తనే రాసుకుంటుంది, లోడింగ్ అన్‌లోడింగ్ ఎక్కడ చేశామో అందులో మనమే నొక్కాలి. అన్‌లోడ్ గుర్తు పెట్టి ఆ ముందూ వెనకా మొత్తం మంచం చూపిస్తే, ప్యాలెట్లు వాటంతట అవే దిగాయా అని అడుగుతాడు జర్మన్ పోలీసు, వాడికి జోకులు రావు.

డిపో డెస్క్:
అడుగుతాడు, ఒప్పుకుంటాను. కానీ ఫోర్క్‌లిఫ్ట్ వాడు దింపుతుంటే డ్రైవర్ పడుకోవడం కూడా నిజమే కదా, ప్రతి అన్‌లోడింగూ డ్రైవర్ చేసే పని కాదు. లెస్టర్ బ్రదర్, ఇకపై బేకి ఆనించగానే "నా అవసరం ఉందా, ఎంతసేపు" అని అడుగు. లేదంటే తాళం ఇచ్చేసి మంచం నొక్కు. ప్యాలెట్ ముట్టుకున్న క్షణం సుత్తులకి మార్చు.

బాల్టిక్ బాబాయ్:
తాళం ఇచ్చేసి ఓకే. తాళం నీ దగ్గరే ఉంటే మాత్రం నేను నొక్కను, నొక్కమనను కూడా.

లెస్టర్ లారీవాడు:
తాళం దగ్గర ఇద్దరూ కలిశారు, నాకు అది చాలు. నిన్నటి రోజుకి ప్రింటవుట్ తీసి వెనక చేత్తో రాశాను: ఏ టైం నుంచి ఏ టైం దాకా ప్యాలెట్లు లాగానో, ఏ టైంలో లైటు చూస్తూ కూర్చున్నానో, 6 గంటల రూలు ఎందుకు తప్పిందో. ఆఫీసుకి మెసేజ్ పెట్టాను, బేలో మొత్తం మంచం అన్న మాట రాతపూర్వకంగా పంపండి, అప్పుడు చూద్దాం అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రేపు మళ్ళీ అదే గోడౌన్, 5కే స్టార్ట్.