39 శాతం ఓట్లు, 11 స్థానాలు: మన శాసనసభలకు దామాషా పద్ధతి కావాలా?

కృష్ణాతీరం:
ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో జరిగిన ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39.2 శాతం ఓట్లు వచ్చాయి, 175 స్థానాల్లో 23 దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.4 శాతం ఓట్లు వచ్చాయి, 11 స్థానాలు దక్కాయి. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడమని రెండు పార్టీల అభిమానులనూ కోరుతున్నాను. ఓట్ల దామాషాలో, అంటే వచ్చిన ఓట్ల శాతం ప్రకారమే స్థానాలు పంచి లెక్క వేస్తే ఓడిన పార్టీకి రెండుసార్లూ 68, 69 స్థానాలు రావాలి.

ప్రభుత్వం మారి ఉండేదని నేను అనడం లేదు. 2024లో తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి 55 శాతం ఓట్లు పడ్డాయి కనుక దామాషా లెక్కలోనూ 97 స్థానాల వరకు గెలిచి అదే కూటమి అధికారంలోకి వచ్చేది. 2019లోనూ దాదాపు 50 శాతం ఓట్లు సాధించిన వైఎస్సార్ కాంగ్రెస్‌కే పాలించే హక్కు ఉండేది. తేడా అంతా ప్రతిపక్షం దగ్గరే వస్తోంది. ప్రతి పదిమంది ఓటర్లలో నలుగురు ఎంచుకున్న పార్టీకి, సభలో పదో వంతు బలం కూడా లేదన్న కారణంతో ప్రతిపక్ష నేత హోదా సైతం దక్కలేదంటే, బడ్జెట్ పద్దుల మీద గంటల తరబడి నిలదీసేవారూ, బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపమని పట్టుబట్టేవారూ లేని సభను మన ఎన్నికల పద్ధతే తయారు చేసి ఇస్తున్నదని అర్థం. అందుకే దామాషా ప్రాతినిధ్యం గురించి గట్టిగా మాట్లాడుకోవలసిన సమయం వచ్చిందని నమ్ముతున్నాను.

విశ్రాంత తహసీల్దారు:
కృష్ణాతీరం గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ మీ లెక్కతో ఏకీభవించలేను. ఒక పద్ధతిలో పడిన ఓట్లను తీసుకెళ్లి మరో పద్ధతిలో సీట్లుగా మార్చకూడదు. 2024లో జనసేనకు వచ్చిన 6.9 శాతం ఓట్లు ఆ పార్టీ పోటీ చేసిన 21 నియోజకవర్గాల్లోనివి మాత్రమే. మిగిలిన చోట్ల ఆ పార్టీ అభిమానుల ఓట్లు మిత్రపక్షాలకు పడ్డాయి. దామాషా పద్ధతి ఉండి ఉంటే అసలు ఆ పొత్తు కుదిరేదో లేదో, ఓటరు ఎటు వేసేవాడో మనం చెప్పలేము.

నా ప్రధాన అభ్యంతరం వేరు. 2023 తెలంగాణ ఫలితం చూడండి. కాంగ్రెస్‌కు 39.4 శాతం, భారాసకు 37.4 శాతం, భాజపాకు 13.9 శాతం ఓట్లు వచ్చాయి. దామాషాలో 119 స్థానాలను పంచితే కాంగ్రెస్‌కు 47, భారాసకు 44 వస్తాయి. ఆధిక్యానికి కావలసిన 60 ఎవరికీ రాదు. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరన్నది ఓటరు చేతిలోంచి జారి, ఫలితాల తరువాత జరిగే బేరసారాల్లోకి పోతుంది. దామాషా పద్ధతి ఉన్న ఇజ్రాయెల్‌లో 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబర్ వరకు ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి. బెల్జియంలో 2010 ఎన్నికల తరువాత ప్రభుత్వం ఏర్పడటానికి ఏడాదిన్నర పట్టింది. పైగా చెరువు గట్టు తెగితే, పింఛను ఆగితే మన రైతు వెళ్లేది తన ఎమ్మెల్యే దగ్గరికి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ అర్జీలు నా బల్ల మీదికి ఎలా వచ్చేవో చూశాను. దామాషా పద్ధతిలో పార్టీ ఇచ్చే పేర్ల జాబితాలోంచి వచ్చిన సభ్యుడిది ఏ ఊరు, ఆయనను ఎవరు నిలదీయాలి?

వరంగల్ వాసి:
అదే తెలంగాణ ఫలితంలో తహసీల్దారు గారు ప్రస్తావించని అంకె ఒకటి ఉంది. 13.9 శాతం ఓట్లు వచ్చిన భాజపాకు 8 స్థానాలు, 2.2 శాతం వచ్చిన మజ్లిస్‌కు 7 స్థానాలు దక్కాయి. మజ్లిస్ పోటీ చేసిందే తొమ్మిది చోట్ల, దాని బలమంతా హైదరాబాదులోనే ఉంది. ఆ పార్టీ గెలుపును నేను తప్పు పట్టడం లేదు, నిబంధనల ప్రకారమే గెలిచింది. కానీ ఒకే చోట గుమిగూడిన ఓటుకు ఉన్న విలువ రాష్ట్రమంతా పరచుకున్న ఓటుకు లేకపోతే, ప్రజాభిప్రాయంతో పాటు ఓటరు నివాసం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తున్నట్టే.

గుంటూరు న్యాయవాది:
ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం రాజ్యసభ. రాజ్యాంగంలోని 80వ అధికరణం ప్రకారం శాసనసభ్యులు రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది దామాషా పద్ధతిలోనే, ఏక బదిలీ ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇచ్చే ఓటు) ద్వారా. రాష్ట్రపతి ఎన్నికకు 55వ అధికరణం కూడా ఆ మాటే వాడింది. అయితే ఆ దామాషా కొలిచేది ప్రజల ఓట్లను కాక ఎమ్మెల్యేల సంఖ్యను. ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి మూడు ఖాళీలు వస్తే ఒక స్థానానికి 44 మంది ఎమ్మెల్యేలు, నాలుగు వస్తే 36 మంది కావాలి. 23 మందితో తెలుగుదేశం ఆ గీత దాటలేకపోయింది. ఫలితంగా 2024 ఏప్రిల్ నాటికి రాష్ట్రానికి ఉన్న 11 రాజ్యసభ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్ చేతికి వచ్చాయి, పుట్టిన నాటి నుంచి తొలిసారిగా తెలుగుదేశానికి ఆ సభలో సభ్యుడే లేకుండా పోయాడు. ఇప్పుడు 11 మంది ఎమ్మెల్యేలున్న పార్టీకి అదే గతి పట్టబోతోంది. శాసనసభలో జరిగిన వక్రీకరణ అక్కడితో ఆగక ఆరేళ్ల పదవీకాలం ఉన్న మరో సభలోకి పాకుతోంది, అదీ దామాషా అన్న పేరుతోనే. నన్ను ఈ పక్షాన నిలబెట్టిన కారణాల్లో ఇదే బలమైనది.

స్థిరత్వం గురించిన భయం కొత్తది కాదు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా ప్రాతినిధ్యం కోరుతూ సవరణ వచ్చినప్పుడు, అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశానికి అది తగదనీ, సభ ముక్కలై ప్రభుత్వం నిలవదనీ అంబేడ్కర్ వ్యతిరేకించారు. ఆనాటి పరిస్థితిలో అది సమంజసమైన జాగ్రత్తే. కానీ ప్రస్తుత పద్ధతి స్థిరత్వాన్ని ఇచ్చి తీరుతుందన్న హామీ ఎక్కడుంది? ఇదే పద్ధతిలో 1996, 1998, 1999లలో మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలకు వెళ్లాము. జర్మనీలో 5 శాతం ఓట్లు గానీ మూడు నియోజకవర్గాల గెలుపు గానీ లేని పార్టీలకు సాధారణంగా జాబితా స్థానాలు ఇవ్వరు. అక్కడ ప్రభుత్వాలు రోజుకొకటి కూలడం లేదు.

అక్షరాస్యత వాదన గురించి ఒక మాట. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మనవాళ్లు ప్రాధాన్య ఓటు వేస్తూనే ఉన్నారు. అక్కడ పట్టభద్రుల ఓట్లే వేల సంఖ్యలో చెల్లకుండా పోవడం, లెక్కింపు రోజుల తరబడి సాగడం మనకు తెలిసినవే. కాబట్టి ఏక బదిలీ ఓటును సాధారణ ఎన్నికలకు నేను సూచించను. అభ్యర్థికి ఒకటి, పార్టీకి ఒకటి, రెండు మీటలు నొక్కే పద్ధతి అయితే ఎవరికైనా అర్థమవుతుంది. తహసీల్దారు గారి రైతుకు తన ఎమ్మెల్యే అలాగే ఉంటారు.

ముందు పురపాలక సంఘాల్లో ప్రయోగించి చూడవచ్చని కొందరు అంటుంటారు. 243ఆర్ అధికరణం స్థానాలన్నీ వార్డుల నుంచి ప్రత్యక్ష ఎన్నికతోనే నిండాలని చెబుతుంది, శాసనసభ విషయంలో 170వ అధికరణం కూడా అలాంటిదే. ఎక్కడ మొదలుపెట్టినా రాజ్యాంగ సవరణ తప్పదు.

విశ్రాంత తహసీల్దారు:
రెండు మీటల పద్ధతికి నా అభ్యంతరం సగం తగ్గింది. మిగిలిన సగం జాబితా గురించి. టికెట్ కోసం నియోజకవర్గంలో పదేళ్లు తిరిగినవారినే పక్కనపెట్టి డబ్బున్నవారికి ఇస్తున్న పార్టీలకు, జనం ముఖం చూడనక్కరలేని స్థానాలు కూడా అప్పగిస్తే వాటిని ఎవరికి కట్టబెడతాయో ఊహించడం కష్టం కాదు. కులానికో పార్టీ పుట్టుకొస్తుందన్న భయం కూడా నాకు ఉంది.

కృష్ణాతీరం:
కులం విషయం ముందు చెబుతాను. నియోజకవర్గంలో ఏ కులం ఓట్లు ఎన్ని అన్న లెక్కతోనే ఈరోజు టికెట్లు ఖరారవుతున్నాయి. ఎక్కడా గెలిచే సంఖ్యలో లేని చిన్న కులాలకూ, సంచార జాతులకూ ఆ లెక్కలో చోటే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7 రిజర్వుడు స్థానాలు ఉన్నాయి, వెనుకబడిన తరగతుల్లోని అట్టడుగు కులాలకు అదీ లేదు. నేపాల్ తన 275 మంది ప్రతినిధుల సభలో 110 స్థానాలను దామాషా జాబితాలకు కేటాయించి, ఆ జాబితాల్లో మహిళలు, దళితులు, ఆదివాసులు, మధేశీలు ఉండి తీరాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. రాష్ట్రవ్యాప్తంగా 5 శాతం గీత పెడితే కులానికో పార్టీ అన్నది జరిగే పని కాదు.

ఇక అసలు లెక్క. లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక ఉన్న స్థానాలకు అదనంగా 25 శాతం చేర్చి జాబితా పద్ధతిలో నింపమని సూచించింది. ఆంధ్రప్రదేశ్‌కు అది 44 స్థానాలు, మొత్తం 219 అవుతుంది. ఆ 44ను విడిగా ఓట్ల దామాషాలో పంచితే 2024లో ఓడిన పార్టీకి మరో 17 వచ్చి 28 దగ్గర ఆగుతుంది. ఇది చాలదు. ఓట్లకూ గెలిచిన స్థానాలకూ మధ్య ఉన్న లోటును పూడ్చేలా పంచితే, అంటే జర్మనీ, న్యూజిలాండ్ పాటించే సూత్రం వాడితే, ఆ 44 దాదాపు పూర్తిగా దానికే దక్కి 55 అవుతుంది. 219లో 164 మందితో ప్రభుత్వానికి వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. ఎదుట 55 మంది ఉంటారు, అంతే. 2019కి వర్తింపజేస్తే ఈ ఫలం తెలుగుదేశానికి దక్కేది.

జాబితా గురించిన మీ ఆందోళన నాదీ, తహసీల్దారు గారూ. అందుకే రెండు షరతులు చట్టంలోనే ఉండాలంటాను. మొదటిది, పేర్లూ వాటి వరుసా నామినేషన్ల గడువులోగా ప్రకటించాలి, ఆ తరువాత ఒక్క పేరు కూడా మార్చకూడదు. రెండోది, జాబితాలోని సభ్యుడు పార్టీ మారినట్టు ఫిర్యాదు వస్తే స్పీకరు నిర్ణయం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా ఆ స్థానం నేరుగా అదే జాబితాలోని తరువాతి పేరుకు పోవాలి. ఓటు పడింది పార్టీకి గనుక స్థానం కూడా పార్టీదే. ఈ రెండో షరతుకు మీరూ న్యాయవాది గారూ ఏమంటారో చెప్పండి.