రాక్ అండ్ రోల్ అమెరికాలో జాతి విభజనను నిజంగా సడలించిందా?

ప్రశ్న: స్వరలేఖ

1950ల నాటి అమెరికా సంగీతం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. చదివేకొద్దీ రెండు వాదాలు ఎదురవుతున్నాయి. నల్లజాతి, తెల్లజాతి యువతను ఒకే పాట దగ్గరకు చేర్చి, దక్షిణాది రాష్ట్రాల్లో చట్టం కట్టిన గోడను బలహీనపరిచింది రాక్ అండ్ రోల్ అని కొందరు రాస్తున్నారు. నల్లజాతి కళాకారులు చర్చిల్లోనూ బార్లలోనూ దశాబ్దాల పాటు పెంచుకున్న సంగీతాన్ని తెల్లజాతి గాయకుల చేత పాడించి రికార్డు కంపెనీలు సొమ్ము చేసుకున్నాయని మరికొందరు రాస్తున్నారు. ఆధారాలు రెండు వైపులా బలంగానే కనిపిస్తున్నాయి. 1954లో తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డుగా వెలువడిన పాటను నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రుడప్ 1946లోనే రాసి పాడారు. ఎల్విస్ పేరు ప్రపంచమంతా తెలిసి, క్రుడప్ పేరు ఎవరికీ తెలియకపోవడం ఎలా జరిగిందన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ సంగీతం సమాజాన్ని ఎంతవరకు మార్చింది, ఎక్కడ మార్చలేకపోయింది అన్నది సంఘటనలతో వివరించగలిగినవారు దయచేసి రాయండి.

సమాధానం: పాతరేడియో

స్వరలేఖ గారూ, మీ ప్రశ్నకు జవాబు వెతకాలంటే పాటల కంటే ముందు రేడియోను చూడాలి. బస్సులో, బడిలో, సినిమా హాలులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో దక్షిణాది చట్టాలు శాసించగలిగాయి గానీ, రాత్రిపూట తన గదిలో రేడియో మీట తిప్పే కుర్రవాడు ఏ స్టేషన్ దగ్గర ఆగాలో శాసించలేకపోయాయి. 1940ల చివర టెలివిజన్ రాగానే పెద్ద ప్రసార సంస్థలు తమ ఖరీదైన కార్యక్రమాలను అటు తరలించాయి. అలా ఖాళీ అయిన గంటలను తక్కువ ఖర్చుతో నింపుకోవలసి వచ్చిన స్థానిక రేడియో స్టేషన్లు రికార్డులు వేసే డిస్క్ జాకీల మీద ఆధారపడ్డాయి. మెంఫిస్‌లోని డబ్ల్యూడీఐఏ 1949 నాటికి పూర్తిగా నల్లజాతి శ్రోతల కోసమే కార్యక్రమాలు నడపసాగింది. తరువాత బ్లూస్ గాయకుడిగా పేరుపొందిన బి.బి. కింగ్ అక్కడ డిస్క్ జాకీగా పనిచేశారు. ఆ స్టేషన్‌ను తెల్లజాతి పిల్లలు వినకుండా ఆపే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

క్లీవ్‌లాండ్‌లో రికార్డుల దుకాణం నడిపే లియో మింట్జ్ ప్రోత్సాహంతో డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ 1951లో రాత్రిపూట రిథమ్ అండ్ బ్లూస్ (నాటి నల్లజాతి జనరంజక సంగీతం) కార్యక్రమం మొదలుపెట్టారు. 1952 మార్చి 21న ఆయన ఏర్పాటు చేసిన కచేరీకి, సుమారు 10,000 మంది పట్టే ప్రాంగణానికి దాదాపు రెట్టింపు జనం వచ్చారు. బయట మిగిలినవారు తలుపులు తోసుకుని లోపలికి చొరబడటంతో కచేరీ మొదలైన కొద్దిసేపటికే అధికారులు ఆపించవలసి వచ్చింది. తొలి రాక్ అండ్ రోల్ కచేరీగా చరిత్రకారులు చెప్పుకునే ఆ రాత్రి వచ్చినవారిలో దాదాపు అందరూ నల్లజాతివారే. 1954లో ఫ్రీడ్ న్యూయార్క్‌కు మారిన తరువాత బ్రూక్లిన్‌లో ఏర్పాటు చేసిన ప్రదర్శనలకు రెండు జాతుల పిల్లలూ పక్కపక్కన కూర్చున్నారు. మూడేళ్లలో ప్రేక్షకుల వరుసల్లో వచ్చిన ఈ తేడాను నేను చిన్న విషయంగా చూడలేను.

అయితే అదే ఫ్రీడ్ 1957లో ఏబీసీ టెలివిజన్‌లో నడిపిన కార్యక్రమం సంగతి కూడా చెప్పాలి. నల్లజాతి గాయకుడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్లజాతి అమ్మాయితో కలిసి నాట్యం చేయడం అందులో ప్రసారమైంది. దక్షిణాది స్టేషన్ల నుండి నిరసన చెలరేగింది, కార్యక్రమం ఆగిపోయింది. వినడానికి అభ్యంతరం చెప్పలేకపోయినవారు కళ్లకు కనిపించినప్పుడు సహించలేదు.

సమాధానం: నల్లరికార్డు

పాతరేడియో గారు శ్రోతల వైపు నుండి చెప్పారు. నేను డబ్బు ఎటు వెళ్లిందో చెబుతాను. క్రుడప్ గారికి జరిగిన అన్యాయం అర్థం కావాలంటే అది తెలియాలి.

1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాట ఒకసారి రికార్డుగా వెలువడితే చాలు, రికార్డుకు 2 సెంట్ల చొప్పున రుసుము చెల్లించి ఎవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. ఆ రుసుము పాట రాసినవారికి, ప్రచురణ హక్కులున్నవారికి చెందుతుంది. మొదట పాడి ఆ పాటకు ప్రాణం పోసినవారికి అందులో వాటా లేదు. వాద్యాల కూర్పుకు రక్షణ లేదు. ధ్వనిముద్రణకు ప్రత్యేకంగా ఫెడరల్ కాపీరైట్ వచ్చింది 1972లోనే. ఈ వెసులుబాటును పెద్ద కంపెనీలు పూర్తిగా వాడుకున్నాయి. నల్లజాతి గాయని లావెర్న్ బేకర్ 'ట్వీడిల్ డీ' పాట ప్రజాదరణ పొందుతుండగానే మెర్క్యురీ కంపెనీ తెల్లజాతి గాయని జార్జియా గిబ్స్ చేత అదే పాటను, దాదాపు అదే వాద్యాల కూర్పుతో పాడించి అంతకంటే ఎక్కువ అమ్ముకుంది. బేకర్ ఊరుకోలేదు. కూర్పుకు కూడా రక్షణ కల్పించాలని 1955లో కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు విన్నవించుకున్నారు. చట్టం మారలేదు. అయినా, ఒక గాయని తన గొంతును, తన బృందపు పనితనాన్ని ఆస్తిగా గుర్తించమని చట్టసభను అడగడం ఆ రోజుల్లో ఎంత సాహసమో ఆలోచించండి.

పాట సొంతంగా రాసుకున్నవారికైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. నల్లజాతి గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ 1955లో 'మేబెలీన్' రికార్డు విడుదలయ్యాక లేబుల్ చూసేసరికి రచయితలుగా తన పేరుతో పాటు మరో రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి రస్ ఫ్రాటో. రెండోది పైన పాతరేడియో గారు ప్రస్తావించిన అలన్ ఫ్రీడ్. రేడియోలో ఆ పాటను పదేపదే వేసినందుకు ప్రతిఫలంగా ఫ్రీడ్‌కు ఆ వాటా ముట్టింది. బెర్రీకి పూర్తి హక్కు తిరిగి వచ్చేసరికి 1986 అయింది. రెండు జాతుల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టిన వ్యక్తే నల్లజాతి కళాకారుడి రాబడిలో చేయి పెట్టాడన్న నిజాన్ని పక్కన పెట్టి ఈ చరిత్రను రాయలేము.

శామ్ ఫిలిప్స్ విషయంలోనూ నాకు అదే బాధ ఉంది. మెంఫిస్‌లో నల్లజాతి వాద్యకారులకు తలుపు తీసిన స్టూడియో ఆయనది. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' రికార్డు చేయడానికి వస్తుండగా దారిలో గిటార్ యాంప్లిఫయర్ దెబ్బతింది. చిరిగిన స్పీకర్‌లో ఫిలిప్స్ కాగితం కుక్కారు. తీగ మీటినప్పుడల్లా బొంగురుగా, గరగరమంటూ వచ్చిన ఆ ధ్వనిని లోపంగా భావించకుండా రికార్డులో ముందుకు తెచ్చారు. ఆ తరువాత ఎన్నో బృందాలు కావాలని వెతుక్కున్న శబ్దం అది. అంత సూక్ష్మంగా వినగలిగిన మనిషి, 1954లో ఎల్విస్ దొరికాక తన శ్రద్ధను దాదాపు పూర్తిగా తెల్లజాతి గాయకుల వైపు మళ్లించారు. 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏ కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మారు. క్రుడప్ మాత్రం కూలి పనులు చేసుకుంటూ బతికి, రావలసిన రాయల్టీలో అధిక భాగం అందకుండానే 1974లో చనిపోయారు. ఎల్విస్ తన అభిమానాన్ని దాచుకోలేదు, క్రుడప్ పాటలు విని పెరిగానని బాహాటంగానే చెప్పారు. కానీ అభిమానం వల్ల రాయల్టీ రాదు.

సమాధానం: తీగమీటు

పై ఇద్దరూ చెప్పినదానికి నేను చేర్చదలచినది, ఈ సంగీతాన్ని వ్యతిరేకించినవారి గురించి. దాని సామాజిక ప్రభావాన్ని అందరికంటే ముందు పసిగట్టింది వారే. అలబామాలో ఏసా కార్టర్ నాయకత్వంలోని శ్వేతజాతి సంఘం, రాక్ అండ్ రోల్ జాతుల కలయిక కోసం పన్నిన కుట్ర అని ప్రచారం చేసింది. 1956 ఏప్రిల్ 10న బర్మింగ్‌హామ్‌లో నాట్ కింగ్ కోల్ పాడుతుండగా ఆ సంఘంతో సంబంధమున్నవారు వేదిక మీదకు ఎగబడి ఆయనను కింద పడేశారు. కోల్ రాక్ అండ్ రోల్ గాయకుడు కారు. ఆ రాత్రి హాలులో ఉన్న ప్రేక్షకులంతా తెల్లవారే. కోల్ పుట్టింది అదే రాష్ట్రంలో. మృదువైన ప్రేమపాటలు పాడుకునే మనిషి మీద దాడికి దిగినవారి కోపం సంగీత శైలి మీద కాదని, తెల్లజాతి శ్రోతలు ఒక నల్లజాతి గాయకుడిని ఇష్టంగా వినడం మీదనేనని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

ఆ కాలంలో కొన్ని దక్షిణాది పట్టణాల్లో హాలు మధ్య తాడు కట్టి ఒక వైపు నల్లవారిని, మరొక వైపు తెల్లవారిని నిలబెట్టేవారు. పాట ఊపందుకున్నప్పుడు పిల్లలు ఆ తాడు దాటి కలిసి నాట్యం చేసిన సందర్భాలను నాటి కళాకారులు తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. అది నిజమే. కానీ మరునాడు ఉదయం వారు వెళ్లిన బడులు వేరువేరుగానే ఉన్నాయి. ఈ సంగీతానికి ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ ఘనత ఇచ్చేవారితో నేను విభేదించేది ఇక్కడే.

ఇంగ్లండ్ బృందం బీటిల్స్ ఉదాహరణ తరచుగా వింటుంటాము. 1964 సెప్టెంబరు 11న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ప్రేక్షకులను జాతులవారీగా విడదీస్తే పాడబోమని వారు ప్రకటించారు, ఆ కచేరీ కలివిడిగానే జరిగింది. అది మెచ్చుకోదగిన నిర్ణయమే. అయితే బహిరంగ స్థలాల్లో జాతి విభజనను నిషేధించిన పౌరహక్కుల చట్టం మీద సంతకం జరిగింది ఆ ఏడాది జూలై 2న. చట్టం అప్పటికే వారి పక్షాన ఉంది. 1961లో నల్లజాతి గాయకుడు రే చార్లెస్ పరిస్థితి వేరు. జార్జియాలోని అగస్టాలో నల్లవారిని విడిగా ఉంచుతారని పేన్ కళాశాల విద్యార్థులు తెలియజేయగా ఆయన కచేరీ మానుకున్నారు, ఒప్పందం ఉల్లంఘించినందుకు జరిమానా కట్టారు. ఏ చట్టమూ అండగా లేని రోజున నష్టపోయి నిలబడిన ఆయనను ఈ చర్చల్లో ముందుగా తలచుకోవాలన్నది నా అభిప్రాయం.

తిరుగు ప్రశ్న: స్వరలేఖ

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాట రాసినవారికే డబ్బు వెళ్లే పద్ధతి గురించి ఇంత స్పష్టంగా నేను ఎక్కడా చదవలేదు. ఇంకొక్క సందేహం. ఈ చరిత్రలో ముందుగా వచ్చే పేర్లన్నీ మగవారివే. లావెర్న్ బేకర్ కాకుండా తొలి రోజుల్లో ఈ సంగీతాన్ని నిర్మించిన స్త్రీలు ఎవరు?

సమాధానం: నల్లరికార్డు

ఇద్దరిని తప్పక వినండి. ఒకరు బిగ్ మామా థార్న్‌టన్. ఆమె పాడిన 'హౌండ్ డాగ్' 1953లో రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాట మీద తనకు అందింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పేవారు. మూడేళ్ల తరువాత ఎల్విస్ పాడినప్పుడు దాని అమ్మకాలు లక్షల్లోకి చేరాయి.

రెండోవారు సిస్టర్ రొజెట్టా థార్ప్. చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయిస్తూ 1944లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే' 1945లో నల్లజాతి సంగీతపు జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. చక్ బెర్రీ మొదటి రికార్డుకు అది పదేళ్ల ముందు సంగతి. 1964 మే నెలలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, వాడకంలో లేని ఒక రైల్వే స్టేషన్‌లో గ్రెనడా టెలివిజన్ వారు చిత్రీకరించిన ఆమె ప్రదర్శన ఇప్పటికీ చూడవచ్చు. అప్పుడే వాన కురిసి ప్లాట్‌ఫారం తడిసి ఉంది. పొడవాటి కోటు తొడుక్కుని తెల్ల గిటార్ మెడలో వేసుకున్న ఆమె, ఎదురు ప్లాట్‌ఫారం మీద కూర్చున్న కుర్రకారు కోసం వాన గురించిన పాటే ఎత్తుకుంటారు. ఆమె కుడిచేతి వేళ్లను గమనించండి. తరువాతి గిటార్ వీరులలో చాలామందికి దక్కిన కీర్తికి మూలం అక్కడ కనిపిస్తుంది. 1973లో ఆమె ఫిలడెల్ఫియాలో మరణించాక చాలా ఏళ్లు సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ చక్ బెర్రీ, ఎల్విస్‌లను 1986లో మొదటి జట్టులోనే చేర్చుకుంది. థార్ప్‌ను చేర్చుకున్నది 2018లో.