అంబాసిడర్‌కు తెల్లపట్టీ టైర్లు: మీ అనుభవాలు చెప్పగలరు

హన్మకొండ_అంబాసిడర్:
మా నాన్నగారి 1984 నాటి అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాను. తమ్ముని పెళ్లి నాటికి తెల్లపట్టీ టైర్లతో నిలబెట్టాలన్న ముచ్చట కొద్దీ, ఒక పెయింటర్ చేత టైరు పక్కలకు ఎనామిల్ వేయించాను. బరాత్ ముగిసి ఇంటికి చేరేసరికి అది చేతితో దులిపితే పెచ్చులుగా రాలుతూ, ఎండిన చెరువులా నెర్రెలిచ్చి కనిపించింది. ఇంతకంటే మేలైన దారి ఎవరైనా చూశారా?

కాజీపేట_పాతబండ్లు:
పెయింటర్‌ను తప్పుపట్టకండి. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్క ఉబ్బి సర్దుకుంటుంది కనుక గట్టిపడిన పెయింట్ దానితో పాటు సాగలేదు. అసలైన తెల్లపట్టీ టైరు లోపలి నుండే వస్తుంది: పక్కభాగంలో తెల్ల రబ్బరు పొర వేసి, దానిపై పలుచని నల్ల పొర కప్పి, ఫ్యాక్టరీలో ఆ నల్లదాన్ని గుండ్రంగా అరగదీస్తారు.

దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. తొలినాటి టైర్ల రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపేవారు కనుక టైరంతా తెల్లగానే ఉండేది. 1910ల్లో కార్బన్ బ్లాక్, అంటే ఒక రకం మసి, కలిపితే టైరు ఎక్కువ కాలం మన్నుతుందని గ్రహించిన తరువాత కూడా, దానిని రోడ్డును తాకే భాగానికే కలపడంతో పక్కలు తెల్లగా మిగిలిపోయాయి. అప్పట్లో పూర్తి నల్ల టైరే దర్జా! 1934 నాటికి వరస తిరగబడింది. ఫోర్డ్ కంపెనీ తెల్లపట్టీలకు 11.25 డాలర్లు అదనంగా తీసుకునేది. యుద్ధకాలపు రబ్బరు కొరతలో అవి కనుమరుగై, తరువాత తిరిగి వచ్చాయి. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అనే అమెరికా కారుతో పట్టీ ఒక అంగుళానికి సన్నబడింది. నా మటుకు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పాత ఇంగ్లండ్ కారు పోలిక ఉన్న మన అంబాసిడర్‌కు వెడల్పు పట్టీ కంటే ఆ సన్న గీతే అందం.

కరీంనగర్_ఫియట్:
టైరుకు, రిమ్ముకు మధ్య ఇరికించే తెల్ల రబ్బరు రింగులు నేను ఏడాది వాడాను. నేను తిరిగేది గ్రానైట్ లారీల దారి. రింగు కిందికి చేరిన రాతిపొడి ఉప్పుకాగితంలా టైరు పక్కను రాస్తూ పోయింది. తీసి చూసేసరికి చుట్టూ వేలు పట్టేంత గాడి! స్పీడు పెంచితే పటపటా కొట్టుకునేవి కూడా. ప్రదర్శనకైతే సరే.

జగిత్యాల_చేతక్:
నా స్కూటర్‌కు అసలైన 10 అంగుళాల తెల్లపట్టీ టైర్లే తెప్పించాను. కొత్త టైరు పట్టీపై నీలి పూత ఉంటుంది. బిగించేటప్పుడు మరకలు పడకుండా వేస్తారు, నీళ్లతో కడిగితే పోతుంది. మా మెకానిక్ తొందరపడి దానిని పెట్రోలు గుడ్డతో తుడిచాడు. నెల తిరిగేసరికి ఒక టైరు పసుపుబారింది. రెండవ దానిని నేనే సబ్బునీళ్లతో, పాత పళ్లబ్రష్‌తో రుద్దుతున్నాను. వానాకాలపు ఎర్రమట్టి కూడా ఇట్టే పోతుంది.

కాజీపేట_పాతబండ్లు:
మరొక్క మాట. కొనేటప్పుడు టైరు పక్కనున్న నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. అరుదైన సైజులు గోదాములోనే ముసలివైపోతాయి. పట్టీ ఎంత తెల్లగా ఉన్నా, వేలితో వంచితే సన్నని పగుళ్లు కనిపించే టైరును బండికి వేయకండి.

హన్మకొండ_అంబాసిడర్:
అందరికీ ధన్యవాదాలు. మిగిలిన పెయింట్ గీకేశాను. అసలైన తెల్లపట్టీ టైర్లు దొరికేదాకా నల్ల టైర్లతోనే తిప్పుతాను. జగిత్యాల అన్నగారూ, ఆ నీలి పూత సంగతి మా మెకానిక్‌కు కాగితం మీద రాసిస్తాను, పెట్రోలు డబ్బా కూడా దాచేస్తాను.