టీ చౌకైతే రేవులో ఎందుకు పారబోశారు? పన్ను గొడవ తుపాకుల దాకా ఎలా వెళ్ళింది?

ప్రశ్న:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే బోస్టన్ రేవులో పారబోసిన టీ పెట్టెల సంగతే చెబుతారు. కానీ 1773 టీ చట్టంతో టీ ధర తగ్గిందట. మరి కోపమెందుకు? 1765లో స్టాంపు పన్ను (దస్తావేజులు, పత్రికల వంటి కాగితాల మీద పన్ను) మీద మొదలైన గొడవ 1775 నాటికి యుద్ధం ఎలా అయింది?

జవాబు 1:
ధర తగ్గిన మాట నిజమే. ఈస్టిండియా కంపెనీ తన టీని నేరుగా కాలనీలకు పంపుకునే వీలు దొరికింది, బ్రిటన్‌లో సుంకం భారమూ తప్పింది. అమెరికా రేవులో పౌండు (సుమారు అర కిలో) టీకి 3 పెన్సుల సుంకం మాత్రం అలాగే ఉంచారు. చిక్కంతా అక్కడే. చౌక కదా అని కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటుకు పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే. పైగా సరుకంతా కంపెనీ ఎంచుకున్న ఏజెంట్లకే. మిగతా వర్తకులకూ, డచ్చి టీ దొంగచాటుగా దించేవాళ్ళకూ కడుపు మండింది.

1773 డిసెంబరు 16 రాత్రే ఎందుకు పారబోశారంటే, ఓడ వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు పట్టుకుంటారు. టీ తెచ్చిన డార్ట్‌మౌత్ ఓడకు గడువు డిసెంబరు 17. సుంకం కట్టకుండా ఓడను వెనక్కి పోనివ్వనని మసాచుసెట్స్ గవర్నరు హచిన్సన్ భీష్మించాడు. 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు నీళ్ళపాలయ్యాయి.

జవాబు 2:
టీ దగ్గరే ఆగితే తుపాకులు అర్థం కావు. స్టాంపు పన్నును ఆపడానికి స్టాంపుల పంపిణీదారుల చేత రాజీనామా చేయిస్తే సరిపోయింది. బోస్టన్‌లో పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు, ఆయన పదవి వదులుకున్నాడు. 1766లో పన్ను రద్దయింది, కానీ అదే రోజు ‘కాలనీల మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుంది’ అని పార్లమెంటు ఇంకో చట్టం చేసి పెట్టుకుంది. 1767లో టీ, గాజు, కాగితం వంటి దిగుమతుల మీద వేసిన టౌన్‌షెండ్ సుంకాల మీద సరుకు బహిష్కరణ పనిచేసింది. 1770లో టీ తప్ప అన్నీ ఎత్తేశారు.

అసలు మలుపు 1774. టీ గొడవకు శిక్షగా బోస్టన్ రేవు మూసేశారు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ కాలనీ చార్టరు (పాలనా పత్రం) మార్చేశారు. కౌన్సిల్ సభ్యులను రాజే నియమిస్తాడు, గవర్నరు అనుమతి లేకుండా ఏడాదికి ఒక్క ఊరి సభే. ఇది పన్ను కాదు, పాలనే లాక్కోవడం. సెప్టెంబరు 6న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో నాలుగు వేలకు పైగా మిలీషియా (ఊళ్ళ పౌర సైన్యం) రోడ్డుకు రెండు పక్కలా నిలబడితే, కోర్టు అధికారులు టోపీలు తీసి, ఆ కొత్త చట్టం కింద పనిచేయబోమని అడుగడుగునా ప్రకటన చదువుతూ మధ్యలోంచి నడిచారు. తూటా పేలకుండానే ఆ జిల్లాలో రాజు పాలన పోయింది.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆయుధాలు, డబ్బు?

జవాబు 3:
మిలీషియా కొత్తది కాదు, మగవాళ్ళు తుపాకీ ఉంచుకోవాలన్నది పాత చట్టమే. కొరతల్లా తుపాకీ మందుకు. అందుకే బ్రిటిష్ సేనాధిపతి, గవర్నరు గేజ్ 1774 సెప్టెంబరు 1న బోస్టన్ దగ్గరి మందుగిడ్డంగి ఖాళీ చేయించాడు. దాంతో ఊళ్ళు తమ మందు దాచుకోవడం మొదలుపెట్టాయి. అక్టోబరులో వలసవాసులు సొంతంగా పెట్టుకున్న సభ, ప్రావిన్షియల్ కాంగ్రెస్, వసూలైన పన్నులు రాజు ఖజానాకు కాకుండా తమ కోశాధికారి హెన్రీ గార్డ్‌నర్‌కు కట్టమంది. పన్ను మీద పుట్టిన గొడవలో ఆ పన్ను డబ్బే ఆయుధాలకు మళ్ళింది, చూడండి! 1775 ఏప్రిల్ 18 రాత్రి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు బోస్టన్ నుంచి కాంకార్డ్ ఊరికి బయల్దేరింది అక్కడ దాచిన ఆయుధ సామగ్రి కోసమే. 19 తెల్లవారుజామున దారిలో లెక్సింగ్టన్ మైదానంలో కాల్పులు మొదలై 8 మంది వలసవాసులు చనిపోయారు.