సమస్య: దోమ కుట్ట గద్ద తూలి పడియె

కడప (సమస్య ఇచ్చింది నేనే):
ఈరోజు డిసెంబరు 14. రాత్రి కరెంటు పోతే మిద్దె మీద చాప వేసుకున్నా. దోమల బ్యాటుకు చార్జింగ్ లేదు. చెవి దగ్గర జుయ్యిమంటుంటే నిద్ర పట్టక, ఈ పాదం పట్టింది:

దోమ కుట్టి గద్ద తూలి పడియె

ఆటవెలదిలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు అల్లి పద్యం పూరించాలి. విషయం మాత్రం 1971 యుద్ధమే ఉండాలి. దోమ అంటే మన నాట్ విమానం. ఇంగ్లీషులో ఆ పేరుకు అర్థం కుట్టే చిన్న ఈగ, మన దోమకు దగ్గరి చుట్టం. గద్ద అంటే పాకిస్తాన్ యుద్ధవిమానం సేబర్. రెక్కల కొస నుంచి కొసకు కొలిస్తే నాట్ ఏడు మీటర్ల లోపే, సేబర్ పదకొండు మీటర్ల పైన. ఆదివారం దాకా గడువు.

జమ్మలమడుగు మాస్టారు:
యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) దో–తూ సరిపోయింది. 'కుట్టి' మాత్రం ఒప్పుకోను నాయనా. కుట్టింది దోమ, పడింది గద్ద. క్త్వార్థానికీ ('కుట్టి', 'తిని' లాంటి రూపానికీ) తర్వాతి క్రియకూ కర్త ఒకటే ఉండాలి. 'నేను అన్నం తిని నువ్వు చెయ్యి కడుక్కున్నావు' అన్నట్టుంది. 'కుట్ట' అను, 'కుట్టగా' అని అర్థం.

కడప: మార్చేశాను సార్. పైన శీర్షికలో కూడా.

రాజంపేట:
నా పద్యం ఇంకా పూర్తి కాలేదు. మూడో పాదం చూడండి: 'దేశమంత పొగడె వీరుని గాథను'.

మాస్టారు: దే–వీ యతి చెల్లదు. 'ధీరుని' అంటే చాలు, ఒక్క అక్షరంతో పోయేదానికి పద్యమంతా చెరపొద్దు.

ప్రొద్దుటూరు:
నాది పూర్తిగా:

చిన్న నాటు నెక్కి శ్రీనగరమునుండి
సేబరారు మీద చెలగె నతడు
ఒకటి గాయపడగ నొకటి మండగ జూడ
దోమ కుట్ట గద్ద తూలి పడియె

ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ గురించి. మన వాయుసేనలో పరమవీరచక్ర వచ్చింది ఆయనొక్కడికే.

మాస్టారు:
'సేబరారు' (సేబరు + ఆరు) సంధి ముచ్చటగా ఉంది. చి–శ్రీ, సే–చె రెండూ సరసయతులే (చ, శ, స ఒకదానికొకటి కుదురుతాయి), చెల్లుతాయి. కానీ 'నతడు' తర్వాత 'ఒకటి' విసంధి, సంధి కలపకుండా వదిలేశావు. ఇట్లా సవరించుకో:

సేబరారు మీద చెలగి నిలువ
నొకటి గాయపడగ నొకటి మండగ జూడ

'చిన్న నాటు' అంటే నాటుకోడి గుర్తొస్తుంది అనుకో. అది నీ తప్పు కాదు.

బద్వేలు:
నాకు ఛందస్సు అంతంత మాత్రమే. వాయుసేనలో ఎయిర్‌మన్‌గా చేసి వచ్చినవాణ్ణి, కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేను. 1971 డిసెంబరు 14 పొద్దున పెషావర్ నుంచి ఆరు సేబర్లు వచ్చి శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద పడ్డాయి. సేఖోన్ 18వ స్క్వాడ్రన్. ఆ బాంబుల మధ్యనే రన్‌వే మీద పరిగెత్తించి విమానం లేపాడు. ఎట్లాంటి పని అంటే, లేచేటప్పుడు విమానానికి ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు, పక్కకు తప్పుకునే వీలూ ఉండదు. పై నుంచి వచ్చేవాడికి అంతకంటే సులువైన గురి లేదు. ముందు లేచిన నాయకుడికి ఆ పొగలో ఈయన కనిపించకుండా పోయాడు. అయినా ఒంటరిగా రెండింటి వెంట పడ్డాడు. పరమవీరచక్ర ప్రశంసాపత్రంలో ఉన్నది ఏమిటంటే, ఒకదానికి దెబ్బ తగిలింది, ఇంకొకదానికి నిప్పంటుకుంది. 'పడింది' అని అందులో లేదు. 'తూలి' దాకా మీతో వస్తా, 'పడియె' దగ్గర ఆగిపోతా.

ప్రొద్దుటూరు: పద్యం కదన్నా, కొంచెం పోనీ.

బద్వేలు:
పోనీకూడదు. ఉన్నదే అంత పెద్దదైతే దానికి మళ్లీ అతికించడం ఎందుకు? గద్ద నిజంగా పడిన రోజు కావాలంటే వేరే ఉంది. నవంబరు 22, బెంగాల్ సరిహద్దులో బొయిరా. యుద్ధం ఇంకా ప్రకటించను కూడా లేదు. నాలుగు నాట్‌లు వెళ్లాయి. పారాచూట్లతో దిగిన ఇద్దరు పాక్ పైలట్లు పట్టుబడ్డారు. వాళ్లలో ఒకాయన పర్వేజ్ మెహ్దీ ఖురేషీ, తర్వాత వాళ్ల వాయుసేనకే అధిపతి అయ్యాడు. ధైర్యం చేసి రాస్తున్నా, తిట్టకండి:

బొయిర నింగి పైన ముసరె సేబరు మూక
నాల్గు నాట్లు వచ్చి నడుమ దూరె
గొడుగు విప్పి దిగిరి గువ్వలై యిద్దరు
దోమ కుట్ట గద్ద తూలి పడియె

మాస్టారు:
అంతంత మాత్రం అంటూనే ఇంత రాశావా! బొ–ము ముకారయతి (బు, బొ లాంటివాటికి ము కుదరడం), నీకు తెలిసి పడిందో తెలియక పడిందో గానీ చెల్లుతుంది. గద్దలో నుంచి గువ్వలు దిగడం నాకు నచ్చింది. ఈ వారానికి ఇదే అనుకుంటున్నా.

మైదుకూరు:
మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఇక్కడ రాయడం మొదటిసారి. ఒక అనుమానం. సమస్యలో మొదట ఉన్న 'కుట్టి'తోనే పూరించవచ్చా?

మాస్టారు: తప్పని చెప్పాను కదమ్మా. కర్తలు ఇద్దరవుతారు.

మైదుకూరు:
ఒకరే అయితే?

చెట్ల కొనల పైన చేరి నల్గురు ముట్ట
తోడు లేక తుదకు తూట్లు పడుచు
మడమ తిప్పలేదు మంచుకొండల మీద
దోమ, కుట్టి గద్ద తూలి పడియె

మడమ తిప్పనిది దోమ. గద్దను కుట్టిందీ దోమే, తూలి పడిందీ దోమే. బద్వేలు అన్న చెప్పిన ఆ పోరాటంలో పడింది సేఖోన్ విమానం ఒక్కటే కదా. ఆ రెండింటినీ కొట్టాక మిగతావి వచ్చి నలుగురి మధ్య ఒక్కడయ్యాడు, చెట్లెత్తులో పోరాడాడు. విమానం శకలాలు లోయలో దొరికాయి, ఆయన దొరకలేదు.

బద్వేలు: ఇది నిజం.

ప్రొద్దుటూరు: పాపా, నా పద్యం తీసేసుకుంటున్నా.

మాస్టారు:
ఉండండి, ఉండండి. కర్త సంగతి సరే. 'కుట్టి గద్ద' అన్నావు, 'గద్దను' అనాలి. ద్వితీయ, ఆ 'ను', ఏదీ? జడపదాలకైతే ద్వితీయకు బదులు ప్రథమ ('ను' లేని రూపం) వస్తుంది, 'చెట్టు నరికె' అంటాం. గద్ద ప్రాణి కదమ్మా.

మైదుకూరు: ఈ గద్ద రేకుతో చేసింది సార్.

మాస్టారు:
(కాసేపు ఏమీ రాయలేదు. మా మనవడు వచ్చి ఎందుకు నవ్వుతున్నావు తాతా అని అడిగినాడు.)

ఒప్పుకున్నాను. కడపా, సమస్యను మళ్లీ 'కుట్టి' అని మార్చు.

బద్వేలు: మరి నాది 'కుట్ట' కదా సార్? తప్పయిపోతుందా?

మాస్టారు: నీది బొయిరా. అక్కడ కుట్టింది ఒకటి, పడింది ఒకటి. నీకు 'కుట్ట'నే ఉండనీ.

కడప: శీర్షిక మాత్రం మార్చడానికి రావడం లేదు సార్. దాన్ని అట్లే వదిలేస్తున్నా.