అప్‌డేట్: శాంథోమ్ నుంచి పరంగిమలై దాకా నడిచాం

పోయిన నెల అడిగాను కదా, ఊళ్లకి మిషన్ ట్రిప్ వెళ్లడానికి సెలవు దొరకలేదు, మా తెలుగు చర్చి యూత్‌ని చెన్నైలోనే శాంథోమ్ బసిలికా (యేసు శిష్యుడు తోమా సమాధి మీద కట్టారనే చర్చి) నుంచి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్ అనే కొండ) దాకా నడిపిస్తే పిచ్చి పనా అని. వెళ్లొచ్చాం. పది కిలోమీటర్ల పైనే. పొద్దున ఐదింటికే బయల్దేరమన్నవాళ్లకి దండం. దారిలో చిన్నమలై దగ్గర నా చెప్పు తెగింది. సువార్త కరపత్రం ఇద్దామని సంచిలో చెయ్యి పెట్టేలోపే ఇడ్లీ బండి అక్క పిన్నీసు తీసి, నా కాళ్ల దగ్గర కూర్చుని తనే గుచ్చేసింది. కరపత్రం ఇవ్వబుద్ధి కాలేదు. కొండ మీద 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన చర్చిలో పహ్లవీ (పాత పర్షియన్ లిపి) అక్షరాలున్న రాతి శిలువ చూశాం. తోమా ఇక్కడే చనిపోయాడన్నది సంప్రదాయమే కదా, రుజువేదీ అని ఒకడు వాదన మొదలెట్టాడు (యేసు తిరిగి లేచాడంటే అనుమానించిన శిష్యుడు తోమాయే, ఆయన కొండ మీద అనుమానం, బాగానే కుదిరింది). తిరుగు ప్రయాణం మాత్రం బస్సులోనే.